పాలు లేకుండా తోడు వేశాను: మా ఎర్రచేను అనుభవం

మా చేను మార్కాపురం వైపు. మూడున్నర ఎకరాలు, ఎర్ర చల్క. ఒక బోరు ఉంది, వేసవిలో గంటన్నర మించి పోయదు. కంది, ఆముదం, ఒక ఎకరం మిర్చి, ఇంటికి సరిపడా కూరగాయలు, ఇదీ మా సేద్యం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ చేనులో ఒకటే చూస్తున్నాను. వాన పడితే నీళ్ళు లోపలికి దిగవు. పది నిమిషాలు గట్టిగా కురిస్తే చాలు, మట్టి కలిసిన ఎర్రనీళ్ళు చాళ్ళ వెంట పరుగెత్తి వాగులో కలిసేవి. రెండు రోజులు ఎండ కాస్తే నేల పైన అట్ట కట్టేది. ఆ అట్టను పగలగొట్టుకుని రాలేక మొలక లోపలే మెలితిరిగి పోయేది. ఒక్కో ఏడు కంది రెండుసార్లు విత్తాల్సి వచ్చేది.

2019లో మిర్చి దెబ్బ తీసింది. ఎండు తెగులు. పొద్దున కళకళలాడిన మొక్క సాయంత్రానికి తల వాల్చేది. పీకి చూస్తే వేరు గోధుమరంగు తిరిగి, తొక్క చేతికి ఊడొచ్చేది. షాపులో ఏ మందు చెబితే అది తెచ్చి మొదళ్ళలో పోశాం. ఎకరంలో సగం మొక్కలు పోయాయి, అప్పు మిగిలింది. ఆ టెన్షన్‌లోనే మొదటిసారి మట్టి పరీక్ష చేయించాను. అంతకు ముందు మాకు ఆ ఆలోచనే లేదు.

రిపోర్టులో సేంద్రియ కర్బనం, అంటే కుళ్ళిన ఆకు, వేరు, పేడ నుంచి మట్టికి చేరేది, 0.31 శాతం. 0.5 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, 0.75 దాటితే ఎక్కువ. నత్రజని తక్కువ. అది ఊహించిందే. భాస్వరం మాత్రం 'ఎక్కువ' అని ఉంది. నాకు అర్థం కాలేదు. భాస్వరం కోసమే ఏటా డీఏపీ ఎరువు బస్తాల మీద అంత డబ్బు పోస్తున్నాం కదా, ఉన్నదానికే ఇంకా కొంటున్నామా అని అడిగాను. అక్కడున్న ఆయన ఓపిగ్గా చెప్పారు. వేసిన భాస్వరంలో పంట తీసుకునేది కొంతే. మిగతాది మట్టిలోనే ఉంటుంది గానీ ఎర్ర నేలల్లో ఇనుముకూ అల్యూమినియానికీ అతుక్కుపోతుంది, వేరుకు అందదు. దాన్ని కరిగించి ఇచ్చే పని బ్యాక్టీరియాది, శిలీంధ్రాలది. ఆ జీవులు బతకాలంటే కర్బనం కావాలి. అది మీ నేలలో లేదు.

ఆ మాట విన్నాక ఇక నాకు జీవామృతం ఒక్కటే మనసులో పడింది. మట్టిలో సూక్ష్మజీవులు పెరగడానికి ఆవు పేడ, మూత్రం పులియబెట్టి పోసే ద్రావణం అది. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ గారి పద్ధతితో మొదలైన కార్యక్రమం అది. మా పొదుపు సంఘం మీటింగుల్లోనూ చెప్పేవాళ్ళు. 2020 ఏప్రిల్‌లో పుట్టింటి నుంచి ఒక నాటు ఆవును తోలుకొచ్చాను. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము కొన్నాను. ఎకరానికి పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పేదాన్ని. రెండో రోజుకు పైన నురగ కట్టి, పులిసిన పిండి వాసన వస్తే అయినట్టు. మూత్రం పట్టడానికి తెల్లవారుజామున నాలుగింటికి లేచేదాన్ని.

పదిహేను రోజులకోసారి పోశాను. మాకు వ్యవసాయ కరెంటు అప్పట్లో మధ్యాహ్నం వచ్చేది. బోరు నీళ్ళతో పాటే జీవామృతమూ పారించాలి కాబట్టి, మే నెల ఎండలో రెండింటికి, గడ్డిపరక లేని బోడి నేల మీద పోశాను. కాలు పెడితే కాలిపోయేది ఆ మట్టి. ఆ ఏడు యూరియా, డీఏపీ మొత్తం మానేశాం. కంది అంతకు ముందు ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు వచ్చేది, రెండున్నరకు పడిపోయింది. మా ఆయన ఒక్క మాట అనలేదు. అంటే కొంత తేలికపడేదాన్నేమో.

కంది కోశాక ప్రకృతి సేద్యం చూసే ఒక అక్క మా చేనుకు వచ్చింది. వంగి మట్టి తీసుకుని అరచేతిలో నలిపింది. పొడి ఇసుకలా జారిపోయింది. నా డ్రమ్ము చూసింది, ఎన్నిసార్లు పోశానో అడిగింది. అంతా విని, "చెల్లీ, తోడు బాగానే వేస్తున్నావు. పాలేవి?" అంది.

నాలుగేళ్ళు నేను చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే. జీవామృతం ఎరువు కాదు. అందులో ఉండే నత్రజని చాలా కొద్ది, దానితో పంట కడుపు నిండదు. అది తోడు. మంచి మట్టి గ్రాములో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి తినడానికి ఆకు, వేరు, పేడ కావాలి. ఉండటానికి తడి కావాలి, నెత్తిన నీడ కావాలి. ఇవేవీ లేని చోట ఎన్ని డ్రమ్ములు పోసినా గుక్కెడు నీళ్ళు పోసినట్టే. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "జీవామృతం పోస్తున్నాం, ఏమీ కనబడటం లేదు" అంటే నేను మొదట అడిగేది, నేల మీద ఏముంది అని.

2021 మేలో పాల సంగతి, అంటే ఆ జీవుల తిండి, నీడ సంగతి చూశాను. నవధాన్యాలు వేశాను. పేరుకు నవధాన్యాలు గానీ పద్దెనిమిది రకాలు కలిపాను. సజ్జ, జొన్న, కొర్ర, కంది, పెసర, అలసంద, ఉలవ, పిల్లిపెసర, జనుము, నువ్వులు, ఆముదం, ఆవాలు, గోంగూర, తోటకూర, సొర, దోస, బంతి, ధనియాలు. ఎకరానికి పన్నెండు కిలోలు. విత్తనాన్ని బీజామృతంతో, అంటే విత్తనశుద్ధికి పేడ, మూత్రంతో చేసే ద్రావణంతో తడిపి, బంకమట్టి పొడి, ఘన జీవామృతం అనే పేడ పొడి, బూడిద చల్లి చేటలో తిప్పితే ఒక్కో గింజ చుట్టూ పూత పట్టి చిన్న ఉండలా అవుతుంది. అలా చేస్తే చీమలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకు తొందరపడి మొలవవు. అత్తమ్మ చేట పట్టుకుని కూర్చుంది. ఆమెకు అప్పడాల పిండి కలిపినంత సులువుగా వచ్చింది ఆ పని. వాన రాకముందే పొడి దుక్కిలో చల్లేశాం. ఒక వాన పడ్డాక మొలిచాయి. మే నెలాఖరులో ఊరంతా ఎర్రగా ఉంటే మా చేను ఒక్కటే పచ్చగా ఉంది.

ఆ పచ్చదనమే కొంప ముంచింది. వేసవిలో మా ఊళ్ళో చేలన్నీ ఖాళీ, మేకలు గొర్రెలు ఎక్కడైనా తిరుగుతాయి. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఎకరమున్నర మోడు. ఏడుపు ఆగలేదు. గొర్రెల మామయ్య వచ్చి, "నాకు తెలవదమ్మా, పిల్లోడు తోలాడు. దీనికి బదులుగా మూడు రాత్రులు మంద కడతాను" అన్నాడు. నూట యాభై గొర్రెలు మూడు రాత్రులు మా చేనులో పడుకున్నాయి. మంద కట్టించడం మా తాతల నాటి పద్ధతే, రసాయన ఎరువులు వచ్చాక డబ్బు దండగ అని మానేశారు. పెంటికలు, మూత్రం, తొక్కిన ఆకు, అన్నీ మట్టిలో కలిశాయి. ఆ ముక్కలో తర్వాత వచ్చిన కంది మిగతా చేను కంటే జానెడు ఎత్తు పెరిగింది. ఇప్పుడు ఏటా ఆయనకు డబ్బిచ్చి మరీ మంద కట్టిస్తున్నాం. నవధాన్యాలు ఉన్నన్ని రోజులు మాత్రం సర్కారు తుమ్మ కంప అడ్డం వేసి, మనిషిని కాపలా పెడతాం. మీ ఊళ్ళో పశువులు వదిలేసే అలవాటు ఉంటే ముందు కంచె సంగతి చూసుకుని తర్వాత విత్తనం కొనండి.

యాభై రోజులకు, పూత మొదలైనప్పుడు కొంత కోసి గేదెకూ ఆవుకూ వేశాం, మిగతాది నేలలో కలియదున్నాం. తర్వాత ఎకరానికి నాలుగు వందల కిలోల ఘన జీవామృతం చల్లాం. వంద కిలోల పేడకు కిలో బెల్లం, రెండు కిలోల పిండి, కొంచెం మూత్రం కలిపి నీడలో ఆరబెట్టి చిదిమిన పొడి అది. ఆరు నెలలు నిల్వ ఉంటుంది. ద్రవ జీవామృతాన్ని వారంలోపు వాడేయాలి. బోరు తక్కువున్న మా లాంటి వాళ్ళకు ఈ పొడే ఎక్కువ పనికొచ్చింది.

నేల కప్పడం నాకు అన్నిటికన్నా కష్టమైన పని. మాది వరి ప్రాంతం కాదు, గడ్డి దొరకదు. కంది పుల్లలు పొయ్యిలోకి కావాలి, జొన్నచొప్ప గేదెకు కావాలి. ఎండుటాకులు తెచ్చి పరిస్తే చెద పట్టింది. చెద ఎండుపుల్లనే తిన్నది, పచ్చి మొక్కను ముట్టలేదు. ఆ సంగతి తెలియడానికి నాకు నెల పట్టింది. చివరికి బతికున్న కప్పే మేలని మిర్చి సాళ్ళ మధ్య అలసంద, కొత్తిమీర, గట్ల మీద బంతి పెట్టాం.

ఇక మిర్చి ఎండు తెగులు. దీనికి ట్రైకోడెర్మా విరిడి అన్నారు. ఇది మంచి శిలీంధ్రం, వేరును కుళ్ళబెట్టే చెడ్డ శిలీంధ్రాల మీద పడి వాటిని తింటుంది. మొదటిసారి నేను చెడగొట్టాను. షాపులో రేకుల కప్పు కింద ఎండాకాలమంతా పడి ఉన్న ప్యాకెట్లు ఇచ్చారు. గడువు రెండు నెలల క్రితమే అయిపోయింది, నేను చూసుకోలేదు. ఇవి ప్రాణమున్న సరుకు, యూరియా బస్తా కాదు. పైగా నేను పచ్చిపేడలో కలిపాను. కుప్పలో చెయ్యి పెడితే కాలింది. పది రోజులకు నల్లగా జిగటగా మారి కంపు కొట్టింది.

రెండోసారి తయారీ తేదీ చూసి తెచ్చాను. బాగా చివికిన పశువుల ఎరువు తొంభై కిలోలు, వేపపిండి పది కిలోలు, ట్రైకోడెర్మా రెండు కిలోలు. బెల్లం నీళ్ళు చిలకరిస్తూ కలిపాం. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. వేపచెట్టు కింద కుప్ప పోసి తడి గోనెలు కప్పాం. నాలుగో రోజు గోనె ఎత్తితే పైన అక్కడక్కడా దూదిపింజల్లా తెల్లటి నూగు. ఆ నూగును చీపురుపుల్లతో కదిపితే సాలెగూడులా సాగింది. తిరగేసి మళ్ళీ కప్పాం. ఎనిమిదో రోజుకు ఆ తెలుపంతా ఆకుపచ్చకు తిరిగింది, పెసరపిండి చల్లినట్టు. అత్తమ్మ వాకిట్లోంచి, "ఎవరే కొబ్బరి కోరుతున్నారు?" అని అడిగింది. నాకు కూడా అప్పుడే తెలిసింది, కుప్ప నుంచి నిజంగానే కొబ్బరి వాసన వస్తోంది. ట్రైకోడెర్మా విరిడి బాగా పెరిగితే ఆ వాసన వస్తుందని తర్వాత చదివాను. ఇప్పుడు నేను గడువు తేదీతో పాటు ముక్కును కూడా నమ్ముతాను.

నారు నాటేటప్పుడు ఒక్కో గుంటలో గుప్పెడు వేశాం. నాటిన మూడు వారాలకు నాలుగు మొక్కలు వాలగానే మా ఆయన కంగారుపడి కార్బెండజిమ్ మొదళ్ళలో పోసేశారు. ఆ మందు చెడ్డ శిలీంధ్రాన్నీ చంపుతుంది, మనం పెంచుకున్న ట్రైకోడెర్మానూ చంపుతుంది. ఆరు సాళ్ళ వరకు పోశాక నేను చూసి ఆపాను. ఆ సాళ్ళలో మళ్ళీ కుప్ప చేసి వేయాల్సి వచ్చింది. షాపు విత్తనం ఎర్రగానో నీలంగానో రంగు పూసి వస్తుంది కదా, అది కూడా మందే. అలాంటి విత్తనానికి నేరుగా జీవన ఎరువు (మేలు చేసే సూక్ష్మజీవుల పొడి) పట్టించే కంటే, ఆ జీవన ఎరువును పశువుల ఎరువులో కలిపి చాళ్ళలో వేసుకోవడం మంచిదని నా అనుభవం. ఆ ఏడు ఎండు తెగులు పూర్తిగా పోలేదు, ఎకరంలో వంద నూటయాభై మొక్కలు పోయాయి. 2019తో పోలిస్తే అది నాకు లెక్కలోది కాదు.

కానీ అదే ఏడు, 2021 చివర్లో, కొత్త తామర పురుగు వచ్చింది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మిర్చి రైతులు ఆ ఏడాదిని మరచిపోరు. పువ్వులో గుంపులుగా నల్లటి పురుగులు, పూత పూతంతా రాలిపోయింది. మా తోటా దెబ్బతింది. నేల బాగుంటే పురుగు రాదు అని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను, చూసినదాన్ని కాబట్టి. మంచి నేలలో మొక్క తట్టుకుంటుంది, మళ్ళీ చిగురు వేస్తుంది, అంతవరకే. చిగురించిన చోట ఆలస్యంగానైనా కొంత కాయ దిగింది.

2022లో అలసందకు, కందికి రైజోబియం అనే బ్యాక్టీరియా పొడి పట్టించాను. బెల్లం పాకం చల్లార్చి, అందులో ప్యాకెట్ పొడి కలిపి, గింజలకు పూసి నీడలో ఆరబెట్టి ఆ పూటే విత్తాం. ఎండలో ఆరబెడితే చచ్చిపోతాయి. నలభై రోజులకు పదునులో ఒక అలసంద మొక్కను పారతో మట్టితో సహా ఎత్తి, నీళ్ళ బకెట్లో ముంచి కడిగాను. వేరు నిండా బుడిపెలు, కొన్ని మిరియం గింజంత. గోటితో ఒకదాన్ని చీల్చాను. లోపల పచ్చిమాంసం రంగు, గోటికి ఎర్రటి తడి అంటుకుంది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే అక్కడా ఉంటుందట, ఆ ఎరుపు కనబడితే లోపల బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా మారితే పని అయిపోయింది. ఆ సాయంత్రం ఒక ఏడెనిమిది బుడిపెలు చీల్చి ఉంటాను. మా పాప గోళ్ళు కూడా ఎర్రగా అయ్యాయి. యూరియా బస్తాలో డబ్బు పెట్టి కొనే నత్రజని మా నేలలో ఈ బుడిపెలో తయారవుతోందంటే నాకు ఒళ్ళు పులకరించింది.

భాస్వరం సంగతి కూడా చెప్పాలి. రిపోర్టులో ఎక్కువ ఉంది కాబట్టి డీఏపీ ధైర్యంగా ఆపేశాం. ఎకరానికి రెండు కిలోల భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను రెండు వందల కిలోల చివికిన ఎరువులో కలిపి ఆఖరి దుక్కిలో వేశాం. డీఏపీ బస్తా అప్పుడు 1,350 రూపాయలు. ఒక్క ఏడు మిగిలిన డబ్బుతోనే వేపపిండి, ప్యాకెట్లు అన్నీ వచ్చాయి. కానీ భాస్వరం తక్కువని రిపోర్టు వచ్చినవాళ్ళు నన్ను చూసి డీఏపీ ఆపొద్దు. లేనిదాన్ని బ్యాక్టీరియా ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? యూరియా విషయంలో కూడా నేను మొదటి ఏడు చేసిన తప్పు అదే, ఒక్కసారిగా మానేయడం. రెండో ఏడు మిర్చికి సగం వేశాం, మూడో ఏడు పావు. 2023 నుంచి లేదు. ఇలా చెబితే మా సంఘంలో కొందరికి నచ్చదు. మొదటి ఏడే పంట పోగొట్టుకుని మళ్ళీ ఎన్నడూ ఇటు తిరిగి చూడని ముగ్గురు రైతులు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ కోసమే నేను ఇది గట్టిగా చెబుతాను.

2024 వేసవిలో ఒక పని చేశాం. మా చేనులో ఒక మట్టిగడ్డ, మందు సేద్యం చేసే పక్క చేనులో ఒక మట్టిగడ్డ, రెండూ ఎండినవి, ఉసిరికాయంతవి తెచ్చాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకేసారి వదిలాను. పక్క చేను గడ్డ గ్లాసు అడుగుకు చేరకముందే విచ్చుకుంది. నిమిషంలో నీళ్ళన్నీ ఎర్రగా అయ్యాయి. మా గడ్డ నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. అది అలాగే నిలబడింది. అత్తమ్మ జంతికలు చేస్తూ మధ్యమధ్యలో వచ్చి చూసింది. అరగంట తర్వాత కూడా మా గ్లాసులో నీళ్ళ అవతలి కిటికీ కనబడుతోంది. శిలీంధ్రాల దారాలూ, సూక్ష్మజీవులు వదిలే జిగురూ మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతాయని చదివాను. ఇప్పుడు కళ్ళతో చూశాను. ఆ నేలలో అట్ట ఎందుకు కట్టడం లేదో, వాన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఆ రెండు గ్లాసులే చెప్పాయి. ఆ ఏడే పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే బహుమతిని పంచుకున్నవాళ్ళలో మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం కూడా ఉంది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్ గారితో పాటు. మీటింగులో ఆ కబురు చెప్పినప్పుడు నాకు ఆ గ్లాసులే గుర్తొచ్చాయి.

మళ్ళీ పరీక్ష చేయిస్తే కర్బనం 0.46. ఇంకా తక్కువ కిందే లెక్క. మా ఎండలకు, మా వానలకు కర్బనం పెరగడం చాలా నిదానం. రెండేళ్ళు దున్ని బోడిగా వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. కంది ఎకరానికి నాలుగున్నర క్వింటాళ్ళకు చేరింది, ఖర్చు సగానికి తగ్గింది. వాన ఇరవై రోజులు మొహం చాటేసినా మొక్క వడలడం లేదు. తవ్వితే మన నాటు వానపాములు కనబడుతున్నాయి, నేను కాపురానికి వచ్చాక ఆ చేనులో వాటిని చూడటం ఇదే మొదలు.

ఈశాన్యం మూల అరెకరం మాత్రం మాట వినడం లేదు. పాత రోజుల్లో ఎవరో పైమట్టి ఎత్తుకుపోయారట, కింద గరుసు తేలింది. నవధాన్యాలు కూడా అక్కడ మోకాలెత్తు రాలేదు. ఈసారి అక్కడ జీలుగ, జనుము కలిపి వేసి, పూతకు రాగానే కలియదున్ని, మంద అక్కడే ఐదు రాత్రులు కట్టమని గొర్రెల మామయ్యకు ముందే చెప్పి పెట్టాను. విత్తనం తెచ్చి అటక మీద ఉంచాం. మొన్న పక్క చేను బాబాయి వచ్చి, "అమ్మాయ్, ఆ కొబ్బరి వాసన కుప్ప ఈసారి చేసేటప్పుడు నాకూ కబురు పెట్టు, మా మిర్చికి రెండు గంపలు కావాలి" అన్నాడు. అందుకే ఈసారి రెండు కుప్పలు చేస్తున్నాం.